ఎడ్ఫూ దిబ్బను పాటిదిబ్బ అనవచ్చా?

సందేహం: ఈజిప్టులోని ఎడ్ఫూలో హోరస్ గుడి పక్కన ఉన్న పాత ఊరి దిబ్బను తవ్వుతున్నారని ఒక వ్యాసంలో చదివాను. ఆ దిబ్బను ‘పురాతన ఆవాస మృత్తికానిక్షేపం’ అన్నారు. అక్కడ ‘ధాన్యాగారాలను ఆవిష్కరించారు’ అని కూడా రాశారు. మా వైపు ఇలాంటివాటిని పాటిదిబ్బలు అంటారు. ఈజిప్టు దిబ్బకు ఆ మాట వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: ముందు ‘ఆవిష్కరించారు’ సంగతి. వెలుగులోకి తేవడమనే అర్థంలో అది తప్పు కాదు. కాని ఆ మాట వినగానే మనకు రిబ్బనూ, కత్తెరా, ముఖ్య అతిథీ గుర్తొస్తారు. మూడున్నర వేల ఏళ్ల నాటి గాదెలకు ఇప్పుడు ప్రారంభోత్సవం దేనికి? ‘బయటపడ్డాయి’ అంటే చాలు. ‘మృత్తికానిక్షేపం’ అన్న పెద్దమనిషి ఏ పల్లెలోనైనా ఓ ముసలి రైతును అడిగి ఉంటే ఆయనకు శ్రమా, మనకు తలనొప్పీ తప్పేవి.

ఇక పాటి. పాడు అనే మాటకు విభక్తి ముందు వచ్చే రూపం ఇది; కాడు–కాటి, గూడు–గూటి వంటిదే. అయితే ఏ పాడు? తెలుగులో రెండున్నాయి. ఒకటి శిథిలమైనది. తమిళంలో దీన్ని నాలుక మడిచి పలికే అక్షరంతో ‘పాళ్’ అంటారు. రెండోది ఊరు: కంకిపాడు వంటి పేర్ల చివర ఉన్నది, తమిళుల వాణియంబాడిలోని ‘పాడి’కి చుట్టం. చాలామంది పాటిదిబ్బ అంటే పాడుపడ్డ దిబ్బ అని సరిపెట్టేస్తారు. నాకెందుకో అది మింగుడుపడదు. శిథిలార్థంలో పాడుగుడి, పాడుబావి అంటాం గాని పాటిగుడి, పాటిబావి అనం కదా! ఊరి పాడు మాత్రం ఇంటిపేర్లలో చక్కగా పాటి అవుతుంది: కంకిపాటి, నందిపాటి. కాబట్టి పాటిదిబ్బ ‘ఊరి దిబ్బ’ అయ్యే అవకాశమే ఎక్కువ. రెండు పాడులూ జనం నోట ఎప్పుడో కలిసిపోయి ఉండవచ్చు కూడా. అందుకే ఒట్టేసి చెప్పను.

ఈ తేడా మీ ప్రశ్నకు ముఖ్యం. ఎడ్ఫూ పాడుపడ్డ ఊరు కాదు. లక్సర్‌కూ అస్వాన్‌కూ మధ్య, నైలు పడమటి ఒడ్డున ఇప్పటికీ నిండుగా ఉన్న పట్టణం. క్రీ.పూ. 237లో మొదలై 57లో పూర్తయిన ఆ గుడి ఇసుకలో, చెత్తలో ఎంతగా కూరుకుపోయిందంటే, దాని కప్పు మీద జనం ఇళ్లు కట్టుకుని కాపురాలు చేశారు. 1860లో ఫ్రెంచి పండితుడు మరియెట్ ఆ ఇళ్లను తీయించి గుడిని బయటికి తెచ్చాడు. పక్కన మిగిలిన దిబ్బలో, 2001 నుంచి నాడీన్ మోలర్ నాయకత్వంలో సాగిన తవ్వకాల్లో, 17వ రాజవంశం నాటి గుండ్రటి గాదెలు కనీసం ఏడు దొరికాయి. పచ్చి ఇటుకతో కట్టినవి, ఒక్కోటి అయిదున్నర నుంచి ఆరున్నర మీటర్ల వ్యాసం.

పచ్చి ఇటుక అన్నాను కదా, మన మాటకు అసలు బలం అక్కడే ఉంది. తరాల తరబడి ఇటుకా, బూడిదా, పేడా, ఎముకలూ చివికి కలిసిన మట్టి చేలకు మంచి ఎరువు. మన రైతులు దాన్ని పాటిమన్ను అని బండ్లకెత్తి పొలాలకు తోలారు. ఈజిప్టు రైతులు సెబఖ్ అని గాడిదల మీద తోలుకున్నారు. ఎడ్ఫూ దిబ్బనూ అలాగే చాలావరకు తవ్వుకుపోయారు. 1887లో ఈజిప్టులోనే అమర్నా అనే మరో పాత నగరపు చోట సెబఖ్ తవ్వుతున్న ఒక పల్లెటూరి స్త్రీకే ప్రసిద్ధమైన మట్టిపలకల ఉత్తరాలు దొరికాయని చెబుతారు. తమాషా ఏమిటంటే, ఆ చోటును ‘తెల్ ఎల్ అమర్నా’ అని పిలిచినా అది తెల్ కాదు. తెల్ అంటే అరబ్బీలో దిబ్బ. అఖెనాతెన్ అనే ఈజిప్టు రాజు కట్టించిన ఆ నగరం కొద్ది ఏళ్లకే ఖాళీ అయింది. పొర మీద పొర పేరుకోలేదు. అక్కడ పాడు ఉంది, దిబ్బ లేదు. ఎడ్ఫూలో దిబ్బ ఉంది, పాడు లేదు.

కాబట్టి పాడుకు ‘శిథిలం’ అనే అర్థాన్నే పట్టుకునేవారికి ఎడ్ఫూ విషయంలో మీ మాట కొంచెం ఇబ్బందే. ‘ఊరు’ అనే అర్థం తీసుకుంటే ఏ అభ్యంతరమూ లేదు. నేను రాస్తే పాటిదిబ్బ అనే రాస్తాను. ఆ మాట ఎరగని జిల్లాల పాఠకుల కోసం మొదటిసారి వచ్చినచోట ‘పాత ఊరి దిబ్బ’ అని పక్కన చేరిస్తే సరిపోతుంది.