గొయ్యి లోతు కంటే ముందు గోడ సంగతి చూడు

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

చర్చి సంఘం వాళ్ళు సమాధుల తోట బాధ్యత నీకు అప్పజెప్పారని మీ అమ్మ చెప్పింది. రిజిస్టరు రాయడం, వరసలు గుర్తుపెట్టుకోవడం నాలుగు రోజుల్లో పట్టుబడతాయి. గొయ్యి తవ్వించడం గురించే ఈ ఉత్తరం.

గొయ్యి అనగానే అందరూ ఎంత లోతు అని అడుగుతారు. మనిషిని మింగేది మాత్రం పక్క గోడ. మీది నల్లరేగడి. ఎండాకాలం బిగుసుకుని గోడ నిట్టనిలువుగా నిలబడుతుంది, దాంతో కుర్రాళ్ళకు లేనిపోని ధైర్యం వస్తుంది. ఆ గోడ వెనకాల నెర్రె ఉందేమో లోపల ఉన్నవాడికి కనబడదు. నెర్రె వెంట పెళ్ళ మొత్తం ఒకేసారి విడిపడుతుంది. ఇసుక నేల ఎక్కువగా కొద్దికొద్దిగా రాలుతుంది. వాన పడ్డాక రేగడి ఉబ్బి జారుతుంది, అప్పుడు దేన్నీ నమ్మొద్దు.

పెట్టె కొలత తెలియకుండా పార పట్టనివ్వకు. పిడులతో సహా పొడవు, భుజాల దగ్గర వెడల్పు కొలిపించి, అన్ని వైపులా ఆరేసి అంగుళాలు కలుపు. ఆరున్నర అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు పెట్టెకు ఏడున్నర, మూడు సరిపోతాయి. తల పడమరకు, పాదాలు తూర్పుకు పెట్టే వరస తప్పకుండా దారం కట్టు. లోతు అయిదడుగులు చాలు. పెట్టె మీద మూడడుగుల మట్టి పడితే వాసనా రాదు, కుక్కలూ తవ్వలేవు. ఆరడుగులు కావాలని ఎవరైనా పట్టుబడితే గోడలకు చెక్కలు ఆనించకుండా ఒప్పుకోకు. భార్యాభర్తలకు ఒకే గోతిలో ఒకరి మీద ఒకరు అన్నప్పుడూ అంతే.

అయిదడుగులూ నిలువుగా దింపకు. పైన రెండడుగుల లోతు వరకు అయిదడుగుల వెడల్పు తవ్వించు. అక్కడ రెండు పక్కలా అడుగు చొప్పున మెట్టు వదిలి, మధ్యలో మిగతా మూడడుగులు దింపించు. నిలువు గోడ అయిదడుగుల నుంచి మూడడుగులకు తగ్గుతుంది. కూలీ ఎక్కువవుతుందని గొణుగుతారు, గొణగనీ. పక్క సమాధి అడ్డమొచ్చి మెట్టుకు చోటు లేకపోతే రెండు గోడలకూ సెంట్రింగ్ చెక్కలు నిలబెట్టి, మధ్యలో సరుగుడు బాదులు అడ్డంగా బిగించాలి. పాత గొయ్యికీ కొత్తదానికీ మధ్య కనీసం రెండడుగులు వదులు. ఒకసారి తవ్వి పూడ్చిన మట్టి ఎన్నేళ్ళయినా పుట్టుమట్టంత గట్టిపడదు.

ఖబరస్తాన్‌లో తవ్వేవాళ్ళను గమనించు. గట్టి నేలయితే అడుగున పడమటి గోడలోకి శవం పట్టేంత అర తొలుస్తారు. మెత్త నేలయితే ఆ జోలికి పోకుండా మధ్యలో సన్నటి కాలువ తీసి పైన బల్లలు కప్పుతారు. నేలను బట్టి పద్ధతి మార్చుకోవడం వాళ్ళకు తరతరాలుగా తెలుసు.

తవ్విన మట్టి అయిదు టన్నుల పైమాటే. దాన్ని అంచునే పోస్తే ఆ బరువే గోడను లోపలికి తోస్తుంది. అంచుకు మూడడుగులు ఎడంగా, ఒక్క పక్కనే పోయించు. రెండో పక్క మోసేవాళ్ళకు కావాలి. గునపాలు, పారలు గట్టు మీద వదలనివ్వకు. జేసీబీ వస్తే గొయ్యి చివర నిలబడాలి తప్ప పొడుగు పక్కన కాదు, పాత సమాధుల మీద అసలే కాదు. బకెట్ కదులుతుండగా లోపల మనిషి ఉండకూడదు.

నడుము లోతు దాటాక లోపల ఒకడు, పైన ఒకడు. ఒంటరిగా ఎవ్వరినీ దించకు. నిచ్చెన ఎప్పుడూ గోతిలోనే ఉండాలి, అంచుకు పైన మూడడుగులు కనబడాలి. ఎండలో పావుగంటకోసారి మనుషుల్ని మార్చు, మజ్జిగ, ఓఆర్ఎస్ దగ్గర పెట్టు. మందు సీసా ముందే ఇచ్చే ఆనవాయితీ మీ ఊళ్ళో ఉంటే ఆపించు. కూలీ డబ్బులిచ్చి పంపాక వాళ్ళిష్టం. పైన అంచుకు సమాంతరంగా సన్నటి బీట కనబడినా, గోడ పొట్ట ఉబ్బినా, మట్టి రాలుతున్నా, చెమ్మ ఊరుతున్నా వెంటనే పైకి రమ్మను. రాత్రి తెరిచి ఉంచాల్సి వస్తే బల్లలు కప్పి, తెల్లారి దిగేముందు టార్చితో పాములు, తేళ్ళు చూడాలి.

ఊట పడితే ఇంజను గోతిలోకి దించొద్దు. దాని పొగ వాసన తెలిసేలోపే మనిషిని పడేస్తుంది. మూలన అడుగు లోతు గుంట తీసి బకెట్లతో తోడించు. అయినా ఊరుతుంటే నాలుగడుగుల దగ్గర ఆపి, పైన మట్టి ఎత్తుగా పోయించడం మేలు.

ఎముకలు బయటపడితే పని ఆపు. తెల్లగుడ్డలో చుట్టి, పాస్టరుగారికి, తెలిస్తే ఆ కుటుంబానికి చెప్పి, అదే గోతి అడుగున చిన్న గుంట తీసి కప్పించు.

అంత్యక్రియల వేళ అసలు ప్రమాదం జనం. కడసారి చూపుకని అందరూ అంచుకే తోసుకొస్తారు. పొడుగు పక్కలు రెంటికీ రెండంగుళాల మందం బల్లలు పరిచి, పెట్టె దించే ఆరుగురిని తప్ప ఎవర్నీ వాటి మీదికి రానివ్వకు. మిగతావాళ్ళకు ఆరడుగుల దూరంలో తాడు కట్టు. ప్రార్థన చేసేవారిని తలవైపు నిలబెట్టు, పొట్టి గోడ తొందరగా విరగదు. దించడానికి ఇరవై అడుగుల నవ్వారు పట్టీలు మూడు ఉంచుకో. నైలాన్ తాడు జారి అరచేయి కోస్తుంది.

ఒకవేళ గోడ కూలితే ఎవరూ వెంటనే దూకకూడదు, రెండో పెళ్ళ సిద్ధంగా ఉంటుంది. అంబులెన్సుకు 108కి, ఫైరింజనుకు 101కి ఫోన్ చెయ్యి. మట్టి పోగు అంచు నుంచి వెనక్కి లాగించి, చెక్కలు అడ్డుపెట్టి, అప్పుడు చేతులతో ముందు మొహం, తర్వాత ఛాతీ ఖాళీ చేయించాలి. మట్టి ఛాతీ దాకా పట్టేస్తే తల బయటున్నా ఊపిరాడదు. తాడు కట్టి లాగడం, జేసీబీతో తీయడం రెండూ ప్రాణాంతకమే.

పూడ్చేటప్పుడు పెట్టె మూత మీద పెళ్ళలు పడకుండా ముందు మెత్తటి మట్టి జార్చించు. ఆపై పెళ్ళలు చితక్కొట్టి, అడుగుకొక వరస తొక్కించు. పైన అడుగున్నర దిబ్బ వదులు, మొదటి పెద్దవానకే సగం దిగిపోతుంది. మళ్ళీ మట్టి పోయించు. పెట్టె మూత విరిగినప్పుడు ఇంకోసారి కుంగుతుంది. అందుకని ఒక వానాకాలం గడిచేదాకా సిమెంటు సమాధి కట్టనివ్వకు. కట్టేటప్పుడు కింది దిమ్మె గోతి కంటే రెండు వైపులా అడుగు చొప్పున పొడిగించి, తవ్వని నేల మీద ఆనేలా వేయమని మేస్త్రీకి చెప్పు.