రొమాంటిక్ అంటే ప్రేమ ఒక్కటేనా?

ప్రశ్న: నేను బొమ్మలు వేస్తాను. అన్నీ కొండలూ మబ్బులే. ఒకరు చూసి 'మరీ రొమాంటిక్‌గా ఉన్నాయి' అన్నారు. ప్రేమజంటలే లేని బొమ్మలు రొమాంటిక్ ఎలా అవుతాయండీ?

జవాబు: మధ్యయుగపు ఫ్రాన్సులో లాటిన్‌లో కాకుండా జనం మాట్లాడే భాషలో రాసిన సాహసగాథలను రొమాన్స్ అనేవారు. ఈ మాట అక్కడిది. 18వ శతాబ్దం చివర యూరప్‌లో పుట్టిన రొమాంటిసిజాన్ని మనం కాల్పనికవాదం అంటున్నాం. కళకు నియమాలూ కొలతలే ప్రాణమన్న పట్టుదలను అది ఎదిరించి, అనుభూతికీ ఊహకూ ప్రకృతికీ పెద్దపీట వేసింది. మీ మబ్బులు రొమాంటిక్ అనిపించుకోవడంలో తప్పేమీ లేదు.

ప్రశ్న: అనుభూతే ముఖ్యమైతే ఇక పరిశీలన దేనికి?

జవాబు: చాలామంది బోల్తాపడేది ఇక్కడే. ఇంగ్లిష్ చిత్రకారుడు జాన్ కానిస్టేబుల్ 1821, 22లలో లండన్ దగ్గరి హాంప్‌స్టెడ్‌లో ఆకాశాన్ని చూస్తూ మబ్బుల బొమ్మలెన్నో వేశాడు. వాటిలో చాలావాటి వెనక తేదీ, వేళ, గాలి తీరు రాసిపెట్టాడు. ఓడ ఇసుకతిన్నెలో చిక్కుకుపోయాక తెప్ప మీద కొట్టుకుపోయినవాళ్ల చిత్రం కోసం ఫ్రెంచి చిత్రకారుడు జెరికో, బతికి బయటపడ్డవారిని కలిసి వివరాలు అడిగాడు, తెప్ప నమూనా చేయించుకున్నాడు, శవాలను చూసి గీశాడు. 1819లో ప్రదర్శించిన ఆ చిత్రం సుమారు ఏడు మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల ఎత్తు. ఇంత శ్రమ వెనకుంది కాబట్టే అందులోని ఆవేదనను నమ్ముతాం.

ప్రశ్న: రోజువారీ బతుకులో ఇది దేనికి పనికొస్తుంది?

జవాబు: చూడటం నేర్పుతుంది. ఇరవై నిమిషాలు ఒంటరిగా నడవండి, ఫోన్ వద్దు. తిరిగొచ్చాక తేదీ, వేళ, గాలి, వెలుగు ఎటునుంచి పడిందీ నాలుగు వాక్యాల్లో రాయండి. మనసుకు ఏమనిపించిందో ఆ పూట రాయకండి, మర్నాడు రాయండి. ఇంగ్లిష్ కవి వర్డ్స్‌వర్త్ డాఫోడిల్ పూలను చూసింది 1802 ఏప్రిల్‌లో, వాటి మీద కవిత అచ్చయింది 1807లో. వేడి చల్లారాక గుర్తుకొచ్చే అనుభూతి నుంచే కవిత్వం పుడుతుందని ఆయన నమ్మకం. అప్పటికప్పుడు రాస్తే 'అద్భుతం', 'మధురం' అన్న మాటలే ముందుకొస్తాయి. అవి ఏ సాయంత్రానికైనా సరిపోతాయి, మీరు చూసిన సాయంత్రం మాత్రం వాటిలో ఉండదు. మర్నాడు కూడా ఆ మాటలే వస్తే కొట్టేసి, వాటి చోట కంటికి కనబడిందో చెవికి వినబడిందో ఒక్కటి పెట్టండి.

ఒక్క జాగ్రత్త. ఎదుటివాడి కష్టాన్ని దూరం నుంచి చూసి అందంగా ఉందనుకోకండి. పాత గుడిసెను గీసేటప్పుడు కారే కప్పునూ గీయండి.