ఉద్యోగానికీ బొమ్మలకీ ఒకే యంత్రం సరిపోతుందా?

పగలు ఎక్సెల్ పని, సాయంత్రం బొమ్మలు. రెండింటికీ కలిపి తెర విడిగా వచ్చే ల్యాప్‌టాప్ కొనాలనుకుంటున్నాను, వరంగల్‌లో వాడుతున్నవారు చెప్పండి అని అడిగారు. ఆరేళ్లుగా నేను చేస్తున్నది అదే. హనుమకొండలో ఒక ఆడిటర్ గారి దగ్గర లెక్కలు రాస్తాను. ఇంటికి వచ్చాక, కొత్తవాడలో మా చిన్నాన్న మగ్గానికి జంపఖానాల డిజైన్లు గీస్తాను. ఇప్పుడు వాడుతున్నది నా రెండో యంత్రం. కొనండి అనే చెబుతాను. అయితే దుకాణంలో ముందుగా చూపించే ప్రాసెసర్ అంకెలను కాసేపు పక్కన పెట్టి పెన్నును చూడండి. ఆ తర్వాత మీరు ఎక్కడ కూర్చుని పని చేస్తారో ఆలోచించుకోండి. మిగతావన్నీ ఈ రెండింటి తర్వాతే.

పెన్నుల్లో రెండు రకాలున్నాయి. ఒకదానికి బ్యాటరీ అక్కర్లేదు, తెర వెనుక ఉన్న పలక పుట్టించే అయస్కాంత క్షేత్రం నుంచే దానికి శక్తి అందుతుంది. బొమ్మలు గీసే పలకలు తయారుచేసే వాకమ్ కంపెనీ ఏళ్ల తరబడి వాడుతున్న పద్ధతి ఇది. రెండో రకానికి బ్యాటరీ కావాలి. నా మొదటి పెన్నులో ఏఏఏఏ అనే బ్యాటరీ పడేది. రిమోట్‌లో వేసే ఏఏఏ కంటే కూడా సన్నది. అది ఒక ఆదివారం అయిపోయింది. సోమవారం పొద్దున్నకు డిజైన్ ఇవ్వాలి. హనుమకొండ చౌరస్తాలో తెరిచి ఉన్న ప్రతి దుకాణం తిరిగాను, దొరకలేదు. ఆ రాత్రి గడుల కాగితం మీద పెన్సిల్‌తోనే గీశాను. అప్పటి నుంచి రెండు బ్యాటరీలు బీరువాలో ఉంచుకునేదాన్ని. ఇప్పటి పెన్ను ఛార్జింగ్ పెట్టుకునే రకం.

డబ్బా మీద 4096 స్థాయిల ఒత్తిడి అని రాసి ఉంటుంది, అంటే చేతి నొక్కుడులో అన్ని తేడాలను పెన్ను గుర్తిస్తుందని. 1024 స్థాయిలున్న పెన్నుతోనూ గీశాను, 4096 ఉన్నదానితోనూ గీశాను, నా చేతికి తేడా తెలియలేదు. చేతికి తెలిసేది వేరే ఒకటుంది: ఎంత మెల్లగా ఆనిస్తే గీత మొదలవుతుందన్నది. కొన్ని పెన్నులు కాస్త నొక్కితే తప్ప పలకవు. వాటితో కనుబొమ్మ వెంట్రుకలు, ఆకు ఈనెలు వేయడం చాలా కష్టం. మూడు గంటలు గీస్తే వేళ్లు నొప్పి పెడతాయి.

అందుకే దుకాణానికి వెళ్లేటప్పుడు సంచిలో ఒక ప్లాస్టిక్ స్కేలు పెట్టుకోండి. దాన్ని తెర మీద ఏటవాలుగా ఆనించి, నత్త నడకన ఒక గీత గీయండి. వేగంగా గీస్తే అన్ని పెన్నులూ బాగానే కనిపిస్తాయి. నెమ్మదిగా గీసినప్పుడు కొన్ని తెరల మీద తిన్నగా రావలసిన గీత అలలు అలలుగా వస్తుంది. తెర వెనుక అడ్డం నిలువుగా సన్నని తీగల వల ఉంటుంది. పెన్ను మొన రెండు తీగల మధ్య ఉన్నప్పుడు అది ఎక్కడుందో యంత్రం లెక్కగట్టి ఊహించుకోవాలి. ఆ ఊహ కొద్దిగా తప్పిన చోటల్లా గీత వంకర పోతుంది. క్రిత అనే బొమ్మలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీతను నిలకడగా ఉంచే స్టెబిలైజర్ ఉంది, దానితో చాలావరకు సర్దుకోవచ్చు. కాకపోతే గీత చేతి వెనుక కొంచెం ఆలస్యంగా నడుస్తుంది. డబ్బు పెట్టి కొనేటప్పుడు ఆ సర్దుబాటు అవసరం లేని తెరనే ఎంచుకోండి.

ఇక నా పని సంగతి. మీరు ముఖాలు వేస్తారో, ప్రకృతి దృశ్యాలు వేస్తారో రాయలేదు కానీ, ఈ అనుభవం ఎవరికైనా పనికొస్తుంది. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా ఇంట్లో తాతయ్య నాటి గడుల కాగితాలు ఇంకా ఉన్నాయి, మడతల దగ్గర చిరిగిపోతున్నాయి. వాటిని యంత్రంలోకి ఎక్కించాలన్న పట్టుదలతోనే నేను ఇదంతా మొదలుపెట్టాను. మొదటి డిజైన్ ఎంతో నునుపుగా గీసి, పెద్ద కాగితం మీద ప్రింటు తీసి చిన్నాన్నకు ఇచ్చాను. ఆయన కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసి, ఒక చోట వేలు పెట్టి అడిగారు: "ఈ గడి ఏ రంగు బిడ్డా? ఎరుపా, తెలుపా?" చూస్తే అది రెండూ కాదు, గులాబీ. ఏటవాలు అంచు కంటికి నునుపుగా కనిపించాలని సాఫ్ట్‌వేర్ తనంతట తానే ఎరుపుకూ తెలుపుకూ మధ్య రంగులు నింపింది. మగ్గం మీద మధ్య రంగు ఉండదు. అద్దిన నూలు ఎన్ని రంగులుంటే అన్నే రంగులు, ఒక గడి ఒకే రంగు. ఏటవాలు గీత మెట్లు మెట్లుగానే దిగుతుంది, జంపఖానా అందమే ఆ మెట్లలో ఉంది. ఆ రోజే అంచులు నునుపు చేసే అమరికను ఆపేసి, పిక్సెల్ కుంచెలకు మారాను. తెర మీద ఒక చుక్క అంటే కాగితం మీద ఒక గడి.

తెర మీది ఎరుపును కూడా నమ్మను. చిన్నాన్న దగ్గరున్న నూలు ముక్కలను అట్ట మీద అంటించి అంకెలు వేసుకున్నాను. క్రితలో రంగుల వరుసకూ అవే అంకెలు. ప్రింటు మీద రంగు ఎలా పడినా ఆయన అంకె చూసి నూలు తీసుకుంటారు.

కూర్చునే చోటు గురించి. తెర విడిగా వచ్చేవాటిలో వెనుక కాలు తెరుచుకుని నిలబడే రకం బల్ల మీద చక్కగా ఉంటుంది. ఒడిలో పెట్టుకుంటే జారుతుంది, ఆ కాలి అంచు తొడకు గుచ్చుకుంటుంది. కాజీపేట నుంచి సికింద్రాబాద్ వెళ్లే రైల్లో రిటర్నులు సరిచూద్దామని రెండుసార్లు ప్రయత్నించి మానేశాను. మీకు ప్రయాణాల్లో టైపు చేసే పని ఎక్కువైతే, కీబోర్డు విడిపోకుండా పూర్తిగా వెనక్కి మడిచే రకమే నయం. బొమ్మలకు మాత్రం అది బరువు, పైగా పట్టుకున్నప్పుడు వేళ్ల కింద కీలు తగులుతుంటాయి. నేను నేల మీద కూర్చుని, ఏటవాలు రాతబల్ల మీద పెట్టి గీస్తాను. పని పూర్తయ్యే వేళకు మెడ పట్టేయకపోవడం ఆ బల్ల చలవే. కీబోర్డు తీసేస్తే గీసింది వెనక్కి తీసుకునే కీ కూడా పోతుంది కదా, అందుకని ఎడమ చేతి కింద చిన్న బ్లూటూత్ కీబోర్డు పెట్టుకున్నాను.

తెర కొలత విషయంలో ఒక్క మాట. 3:2 నిష్పత్తి ఉన్నది చూడండి. నిలబెడితే దాదాపు ఏ4 కాగితం ఆకారంలో ఉంటుంది. ఎక్సెల్‌లో కూడా వెడల్పాటి 16:9 తెర కంటే ఎక్కువ వరుసలు కనిపిస్తాయి. రెండు పనులకూ ఒకేసారి కలిసొచ్చిన అంశం నాకు ఇదొక్కటే.

బయట కూర్చుని గీయాలని ఆశ ఉందా? నాకూ ఉండేది. ఒక ఏప్రిల్ నెలలో పాలంపేట వెళ్లి, రామప్ప గుడి చూరు కింద ఉన్న నల్లరాతి మదనికలను, అంటే ఆ స్త్రీ శిల్పాలను, గీద్దామని తెర తెరిచాను. అద్దంలో నా ముఖం, ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు. కాసేపటికి యంత్రం వేడెక్కి నెమ్మదించింది. ఇలాంటి చాలా యంత్రాలు 35 డిగ్రీల వరకే పనిచేసేలా తయారవుతాయి. మన దగ్గర ఎండాకాలం నలభై దాటుతుంది. ఇప్పుడు అక్కడికి పుస్తకం, పెన్సిల్ తీసుకెళ్తాను. ఇంటికి వచ్చి ఆ పెన్సిల్ బొమ్మను ఫోటో తీసి, సాఫ్ట్‌వేర్‌లో దాని మీద పారదర్శకమైన పొర వేసుకుని గీస్తాను. ఆ నల్లరాయి మీద వెలుగు జారే తీరు పెన్సిల్‌తో దగ్గర నుంచి చూసినప్పుడే పట్టుబడింది.

నా మొదటి యంత్రం బ్యాటరీ ఉబ్బి పాడైంది. నాలుగో ఏడు తెర ఒక అంచున పైకి లేచింది. ఇలాంటి వాటిలో తెరను జిగురుతో అతికిస్తారు. ఇక్కడ చూపించిన చోట్ల విప్పితే అద్దం పగులుతుందేమోనని ఎవరూ ముట్టుకోలేదు, హైదరాబాద్ పంపాల్సి వచ్చింది. ఆఫీసులో రోజంతా ఛార్జింగ్‌లోనే ఉంచడం నేను చేసిన పొరపాటు. కొత్తదానిలో ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకున్నాను, మీరు మొదటి రోజే పెట్టుకోండి. మెమరీ కూడా చాలావాటిలో బోర్డుకే అతికి ఉంటుంది, తర్వాత పెంచుకోలేరు. పెద్ద బొమ్మలు పొరలు పొరలుగా వేసేవారైతే 16 జీబీ తీసుకోండి. ధర అడిగేటప్పుడు పెన్ను, కీబోర్డు అందులో కలిసే ఉన్నాయా, విడిగా కొనాలా అని తప్పక అడగండి. నా రెండో యంత్రానికి ఆ రెండూ విడిగానే కొన్నాను, అనుకున్న లెక్క అక్కడే దాటిపోయింది.