బాప్టిస్టు సువార్తికుల కోసం మాసపత్రిక ప్రారంభించాలంటే: ఒంగోలు ప్రాంతం నుంచి మా అనుభవం

మీ ప్రాంతంలోని బాప్టిస్టు సువార్తికుల కోసం లాభాపేక్ష లేని మాసపత్రికను ప్రారంభించడానికి ఏ రిజిస్ట్రేషన్లు కావాలో, డబ్బు ఎలా సమకూర్చుకోవాలో, ప్రతి నెలా రాసేవారిని ఎక్కడ వెతకాలో మీరు అడిగారు. ప్రకాశం జిల్లాలో మేము ఏడుగురం కలిసి 2016లో ఇటువంటి పత్రికనే మొదలుపెట్టి నేటికీ నడుపుతున్నాం కనుక, మాకు ఎదురైన విషయాలను కొంచెం వివరంగానే రాస్తున్నాను. అయితే మీరు అడిగిన మూడింటికన్నా ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. ఈ పత్రికను నిజంగా చదవబోయేది ఎవరు? సువార్తికులే కదా అని మీరు అంటారు. మేమూ అదే అనుకున్నాం. కాని మా తొలి సంచికలను వారి కోసం తయారు చేయలేదన్న సంగతి ఆరు నెలల తరువాత గాని మాకు తెలియలేదు.

మొదటి సంచిక వెయ్యి ప్రతులు వేశాం. 32 పేజీలు, రంగుల ముఖచిత్రం, సంఘ పెద్దల శుభాకాంక్షలు, విరాళాలిచ్చిన వారి ఫొటోలు, పట్టణంలో జరిగిన ఉజ్జీవ కూటాల నివేదిక, వేదాంత కళాశాలలో చదివిన ఇద్దరు మిత్రులు రాసిన పెద్ద వ్యాసాలు, ఇవన్నీ అందులో ఉన్నాయి. చూడడానికి బాగానే ఉంది. మరుసటి వేసవిలో ఒక సంఘానికి వెళ్లినప్పుడు, మేము పంపిన కట్ట తాడు కూడా విప్పకుండా వెనుక గదిలో బల్ల కింద పడి ఉంది. దానిని చూసి చాలా బాధపడ్డాను. ఆ తరువాత నేనూ మరొక మిత్రుడూ దర్శి, పొదిలి, కనిగిరి వైపు పల్లెలు తిరిగి, సువార్తికుల ఇళ్లలోనే కూర్చుని, వారు ఆదివారపు ప్రసంగానికి ఎలా సిద్ధపడతారో అడిగి తెలుసుకున్నాం. వారిలో చాలామంది వారమంతా కూలికో బేల్దారి పనికో వెళ్లి, శనివారం రాత్రి భోజనమయ్యాక ఒక బైబిలు, ఒక పాత నోటు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చునేవారు. వారిలో ఒక పెద్దాయన అన్న మాట మా పత్రిక దారినే మార్చింది. "మొన్న మన సంఘం వాళ్లు కాని వారి ఇంట్లో చావుకు వెళ్లానయ్యగారూ. ప్రార్థన చేయమన్నారు. ఆ తల్లి ముందు నిలబడితే నాకు మాట రాలేదు. అలాంటప్పుడు ఏం చెప్పాలో రాయండి" అన్నారాయన.

ఆ పర్యటన తరువాత శుభాకాంక్షలను, దాతల ఫొటోలను పూర్తిగా తీసివేశాం. పేజీలు 24కు తగ్గించి, శనివారం రాత్రి తక్కువ వెలుతురులో చదివే పెద్దవారి కోసం అక్షరాలను పెద్దవి చేశాం. నెలలోని ఒక్కొక్క ఆదివారానికి ఒక వాక్యభాగం, ఆ భాగం వెనుక ఉన్న చరిత్ర, విన్నవారు ఇంటికి వెళ్లి ఆలోచించదగిన ఒక ప్రశ్న, పల్లె జీవితం నుంచి ఒక ఉదాహరణ ఇస్తాం. పూర్తి ప్రసంగాన్ని మాత్రం ఎన్నడూ అచ్చు వేయం. మొదట్లో వేసినప్పుడు దానినే ఇరవై ఊళ్లలో అక్షరం పొల్లుపోకుండా చదివారు. వారికి మేలు చేద్దామనుకుని, తమంతట తాము వాక్యాన్ని ధ్యానించే అలవాటునే వారికి దూరం చేస్తున్నామని అప్పుడు గ్రహించాం. మరణ సమయంలో, పెళ్లి మాటలప్పుడు, బాప్తిస్మానికి సిద్ధపడే వారికి బోధించేటప్పుడు ఎలా మాట్లాడాలన్నది ఒక శీర్షిక. ఇల్లిల్లూ తిరిగి స్త్రీల మధ్య పనిచేసే బైబిలు స్త్రీల అనుభవాలు మరొకటి. ఈ రెండవ దానిని దయచేసి వదిలిపెట్టకండి. మగవారు గడప దాటలేని ఇళ్లలోకి మొదట వాక్యాన్ని తీసుకువెళ్లినది వారేనని మా ప్రాంతంలో ఏ సంఘాన్ని అడిగినా చెబుతారు, అయినా వారి పేర్లు ఎక్కడా అచ్చులో కనిపించవు.

చరిత్రకు రెండు పేజీలు కేటాయించండి. 1878 జూలై 3న వెలుంపిల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మన సంఘాలలో అందరికీ తెలుసు. దానిని చెప్పేటప్పుడు ఒంగోలులో పనిచేసిన అమెరికా మిషనరీ జాన్ క్లౌ దొరగారి పేరు ఒక్కటే వినబడుతుంది. కాని ఆయన రాకకు పూర్వమే నెల్లూరులో 1840 నుంచి జరిగిన సేవ గురించీ, తోళ్ల వ్యాపారం చేసుకుంటూనే తన ఊరి వారికి సువార్త చెప్పిన యర్రగుంట్ల పేరయ్య గురించీ, కరువు కాలంలో బకింగ్‌హాం కాలువ పనిలో కూలీల మధ్య మాట్లాడిన తెలుగు బోధకుల గురించీ రాసినప్పుడు, మా సువార్తికులు ఆ పేజీలను చింపి దాచుకున్నారు. ఇది తమలాంటి వారి చరిత్ర అని వారు గుర్తించారు. మీది ఉత్తర కోస్తా అయితే మీకు వేరే సంపద ఉంది. కాకినాడ కేంద్రంగా కెనడా బాప్టిస్టు మిషను పనిచేసిన కాలంలో 'రవి' అనే తెలుగు పత్రిక వెలువడేది. దాని పాత సంచికలు ఎవరి ఇంట్లోనైనా దొరికితే వాటినుంచే ఎన్నో నెలలకు సరిపడే విషయం లభిస్తుంది.

రాసేవారి సంగతికి వస్తే, సువార్తికులు రాయరు, చెబుతారు. వ్యాసం పంపమని ఉత్తరాలు రాసి ఏడాది ఎదురుచూశాం, మూడు వచ్చాయి. ఇప్పుడు వాట్సాప్‌లో మాటలు రికార్డు చేసి పంపమంటాం. నేను విని కాగితం మీద పెట్టి, ఫోనులో వారికే చదివి వినిపించి, వారు సరే అన్న తరువాతే అచ్చుకు ఇస్తాను. వారి మాటను పుస్తకాల భాషలోకి మార్చాలన్న కోరికను ఎంతో కష్టపడి అణచుకోవాలి. బైబిలు వచనాలను మాత్రం బైబిల్ సొసైటీ వారి పరిశుద్ధ గ్రంథములో ఉన్నట్టే, గ్రాంథిక భాషలోనే ఇవ్వండి. ఎందుకంటే వారికి కంఠస్థమైనది ఆ పాఠమే.

ప్రూఫులు దిద్దే పనిని తేలికగా తీసుకోవద్దు. మన ఊళ్లలో డి.టి.పి. చేసేవారు చాలామంది ఇప్పటికీ యూనికోడ్ కాని 'అను' ఫాంట్లలోనే పని చేస్తారు. ఫోనులో వచ్చిన యూనికోడ్ పాఠాన్ని వాటిలోకి మార్చినప్పుడు కొన్ని వత్తులు మారిపోతాయి, కొన్ని రాలిపోతాయి. అంతకన్నా ప్రమాదకరమైనవి అధ్యాయ, వచన సంఖ్యలు. ఒక సంచికలో "1 యోహాను 4:8" అని ఉండవలసిన చోట ముందున్న అంకె పోయి "యోహాను 4:8" అని పడింది. దేవుని ప్రేమ గురించి ప్రసంగించవలసిన సువార్తికుడు సంఘమంతటినీ ఆ వచనం తెరవమంటే, శిష్యులు ఆహారం కొనడానికి ఊరిలోకి వెళ్లారన్న మాట వారి కళ్ల ముందుకు వచ్చింది. నిలబడి ఉన్న మనిషి ఎంత ఇబ్బంది పడి ఉంటాడో ఆలోచించండి. ఆ తప్పు మాది, దాని భారం మోసినది ఆయన. ఆనాటి నుంచి ప్రతి రిఫరెన్సునూ ఇద్దరు మనుషులు వేరువేరుగా బైబిలు తెరిచి సరిచూడనిదే పేజీలు ప్రెస్సుకు వెళ్లవు.

ఇక రిజిస్ట్రేషన్లు. ముందుగా సొసైటీ కావాలి. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. తెలంగాణలోనూ అదే చట్టం కొనసాగుతోంది. పత్రిక రిజిస్ట్రేషనుకు మా రోజుల్లో 1867 నాటి చట్టం ప్రకారం జిల్లా అధికారుల ముందు డిక్లరేషన్ ఇచ్చి, టైటిల్ కోసం ఢిల్లీకి రాసి, నెలల తరబడి తిరిగాం. దాని స్థానంలో వచ్చిన 2023 నాటి ప్రెస్ అండ్ రిజిస్ట్రేషన్ ఆఫ్ పీరియాడికల్స్ చట్టం 2024 మార్చి 1 నుంచి అమలులో ఉంది. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ ప్రెస్ సేవా పోర్టల్‌లో టైటిల్‌కూ రిజిస్ట్రేషనుకూ ఒకేసారి దరఖాస్తు చేసుకోవచ్చు. ఒకే పేరు పట్టుకుని కూర్చోకుండా ప్రత్యామ్నాయాలు కూడా సిద్ధంగా ఉంచుకోండి, ఎందుకంటే ఇప్పటికే ఉన్న పత్రికల పేర్లకు దగ్గరగా ఉన్నవాటిని ఇవ్వరు. క్రైస్తవ పత్రికలన్నీ వెలుగు, స్వరము, సువార్త వంటి మాటల చుట్టూనే తిరుగుతాయి కనుక ఈ చిక్కు మనకు మరీ ఎక్కువ.

డబ్బు విషయంలో మీరు అత్యంత జాగ్రత్తగా ఉండవలసినది విదేశీ విరాళాల దగ్గర. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010లోని 3వ సెక్షను ప్రకారం రిజిస్టర్ అయిన పత్రిక యజమాని గాని, సంపాదకుడు గాని, ముద్రాపకుడు గాని, ప్రచురణకర్త గాని విదేశీ విరాళం తీసుకోకూడదు. మా సొసైటీయే పత్రికకు యజమాని. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన తెలుగు విశ్వాసి ఒకరు ఎంతో ప్రేమతో ఏడాది ఖర్చంతా పంపుతానన్నప్పుడు, మా ఆడిటర్ ఈ సెక్షను చూపించి ఆపారు. విదేశంలో ఉన్నా భారత పౌరసత్వం ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే సొమ్ము ఈ కోవలోకి రాదు. కాబట్టి పంపేవారి పౌరసత్వం ఏమిటో మొహమాటపడకుండా ముందే అడగండి. సంఘాలకు విదేశీ నిధులు అందుకునే సంస్థ ఏదైనా మీకు అండగా ఉంటే, పత్రికను దాని పేరు మీద పెట్టవద్దు. పత్రిక వల్ల ఆ సంస్థకు, ఆ సంస్థ వల్ల పత్రికకు చిక్కులు వస్తాయి. దాతలకు ఆదాయపు పన్నులో 80జి రాయితీ ఇప్పిస్తామని కూడా వాగ్దానం చేయకండి. మా రిజిస్ట్రేషను నాటి ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఆదాయంలో 5 శాతానికి మించి మతపరమైన పనులకు ఖర్చుచేసే సంస్థకు ఆ రాయితీ వర్తించదు.

పత్రికను ఉచితంగా పంచాలన్నది మా మొదటి ఆలోచన. తాడు విప్పని ఆ కట్ట తరువాత దానిని మానుకుని, సువార్తికులకు ఏడాదికి 60 రూపాయలు, ఇతరులకు 200 రూపాయలు చందా పెట్టాం. నిరుపేదల దగ్గర డబ్బు అడగడమేమిటని మాలోనే కొందరు నొచ్చుకున్నారు. కాని 60 రూపాయలు కట్టిన మనిషి, పత్రిక రాకపోతే ఫోను చేసి అడిగాడు. ఆ అడగడమే మాకు కావలసి వచ్చింది. మన బాప్టిస్టు పద్ధతిలో ఏ సంఘానికి ఆ సంఘమే స్వతంత్రం కనుక, పైనుంచి ఒక ఉత్తర్వు వస్తే అందరూ చందా కట్టే ఏర్పాటు మనకు లేదు. ప్రతి సంఘాన్నీ విడివిడిగా కలవాలి, లేదా ఒక ప్రాంతపు సంఘాలన్నీ కలిసే ఫీల్డు అసోసియేషన్ కూడికలలో రెండు నిమిషాలు మాట్లాడే అవకాశం అడగాలి. కోత పండుగల రోజుల్లో వెళ్లండి. ఆ సమయంలో కొత్త పంట చేతికి వచ్చి ఉంటుంది, మనుషులు కూడా ఒకచోట దొరుకుతారు. పోస్టల్ రాయితీ కోసం మేము పొందిన అనుమతి షరతుల ప్రకారం సంచికల మధ్య వ్యవధి 31 రోజులకు మించకూడదు, నిజమైన చందాదారుల జాబితా ఉండాలి, వార్తలూ వర్తమాన విషయాలూ గణనీయంగా ఉండాలి. కాబట్టి ద్వైమాసికమో త్రైమాసికమో అయితే సులువని అనుకునే ముందు పోస్టు ఖర్చు లెక్క వేసుకుని చూడండి.

సాక్ష్యాల విషయంలో ఒక కఠినమైన నియమం పెట్టుకున్నాం. స్వస్థత సాక్ష్యాన్ని ప్రచురిస్తే, మందులు మానేశామన్న మాట అందులో ఉండనివ్వం. క్షయ మందులు మధ్యలో ఆపితే ఏమవుతుందో మా పల్లెల్లో కళ్లారా చూశాం. ఇతర మతాల దేవతలను, ఆచారాలను కించపరిచే వాక్యం ఒక్కటి ఉన్నా వ్యాసాన్ని వెనక్కి పంపుతాం. మత భావాలను ఉద్దేశపూర్వకంగా గాయపరిస్తే శిక్షించే భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షను ఉన్నదన్నది ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, ఆ పత్రిక చేతిలో పట్టుకుని ఆ ఊరి వీధిలో రేపు నడవవలసినది ఒంగోలులో కూర్చున్న సంపాదకుడు కాదు, ఆ సువార్తికుడే. కుల ధ్రువీకరణ పత్రాల ప్రశ్నలకు సమాధానమిచ్చే శీర్షికకు మాకు అన్నిటికన్నా ఎక్కువ ఫోన్లు వస్తాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేకపోవడం, మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైన వారికి బీసీ-సి కింద 1 శాతం రిజర్వేషను ఉండడం, ఇవన్నీ బాప్తిస్మం ఇవ్వబోయే ముందు సువార్తికుడిని ఇంటివారు అడిగే ప్రశ్నలే. దీనిని న్యాయవాది చేత చదివించకుండా ఎప్పుడూ అచ్చుకు ఇవ్వకండి.

మొదటి సంచికను డిసెంబరుకు పెట్టుకోవద్దు. క్యాలెండర్లు, డైరీల పనితో ప్రెస్సులకు అప్పుడు తీరిక ఉండదు. దరఖాస్తులు పెట్టడానికి ముందే నమూనాగా ఒక సంచికను జిరాక్సులో యాభై ప్రతులు తీసి, యాభై మంది సువార్తికులకు ఒక్కొక్క పెన్సిలుతో పాటు ఇవ్వండి. ఉపయోగపడిన చోట గీత గీయమని, అర్థం కాని చోట సున్న చుట్టమని చెప్పి, నెల తరువాత మీరే వెళ్లి ఆ ప్రతులను వెనక్కి తెచ్చుకోండి. రెండవ సంచికలో ఏమి ఉండాలో వాటిని చూస్తే మీకు తెలుస్తుంది. ఆ ప్రతులు చేతికి వచ్చాక ఇక్కడే మళ్లీ రాయండి, మా దగ్గర ఉన్న శీర్షికల ప్రణాళికను కూడా పంచుకుంటాను.