డాక్టర్ సలహా: ఏడింటికి ఇల్లు చేరితే రాత్రికి ఏం వండాలి?

ప్రశ్న: మాది హన్మకొండ. నాకు 37 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ట్యూషన్ కూడా చెప్పి ఇల్లు చేరేసరికి ఏడవుతుంది. మా ఆయనకు వరంగల్‌లో షాపు ఉంది, తొమ్మిదిన్నరకు గానీ రారు. పాపకు 11, బాబుకు 7. అత్తమ్మకు 66 ఏళ్లు, షుగర్, బీపీ ఉన్నాయి. వారంలో నాలుగు రోజులు రైస్ కుక్కర్‌లో నాలుగు కప్పుల బియ్యం పెట్టి, కర్రీ పాయింట్ నుంచి రెండు కూరలు, ఒక సాంబారు తెస్తాను. రోజుకు 150 రూపాయలు దాటుతోంది. ఒక రోజు పిల్లలకు నూడుల్స్. ఆయన వచ్చాక అందరం కలిసి తింటాం. మొన్న పరీక్షలు చేయిస్తే ఆయనకు ట్రైగ్లిజరైడ్స్ 268, మూడు నెలల సగటు షుగర్ 6.1 అని వచ్చింది. పాపకు హిమోగ్లోబిన్ 9.8. రాత్రి అన్నం మానేయాలా? అరగంటలో అయ్యే, ఖర్చు తక్కువయ్యే వంటలు చెప్పగలరా? సోమ, శనివారాలు మా ఇంట్లో గుడ్డు ముట్టరు.
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: మీ ఉత్తరం చదువుతూ రిపోర్టుల దగ్గర కాదమ్మా, ఆ నాలుగు కప్పుల దగ్గర ఆగిపోయాను. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పులో సుమారు 150 గ్రాముల బియ్యం పడుతుంది. నాలుగు కప్పులంటే 600 గ్రాములు. ఐదుగురికి పంచితే తలా 120. పిల్లలు, అత్తమ్మ అంత తినరు కాబట్టి మీ ఆయన కంచంలోకి తక్కువలో తక్కువ 200 గ్రాముల బియ్యంతో వండిన అన్నం వెళుతోందనుకోవాలి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, 2,000 క్యాలరీలు తినే మనిషికి రోజు మొత్తానికి ధాన్యాలు 250 గ్రాములు చాలన్నారు. ఆయన ఒక్క రాత్రి పూటే దాని దరిదాపుల్లోకి వచ్చేస్తున్నారు.

ఇక కూర సంగతి. మా కాంపౌండర్ ఓ రోజు మధ్యాహ్నం తెచ్చుకున్న బెండకాయ ఫ్రై పొట్లాన్ని, పసిపిల్లల్ని తూచే మిషన్ మీద పెట్టి చూశాం. 180 గ్రాములుంది. అలాంటివి రెండు తెచ్చి ఐదుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి వచ్చేది 70 గ్రాములు, అంటే రెండు మూడు చెంచాలు. రోజుకు కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు తినాలని అదే మార్గదర్శకాల్లో ఉంది. కర్రీ పాయింట్ అనగానే అందరూ నూనెను తిడతారు. నూనె ఎక్కువే, ఉప్పూ ఎక్కువే, కాదనను. కానీ మీ ఇంట్లో అసలు ఇబ్బంది అది కాదు. కూర ఇంతేనని పొట్లం చెబుతోంది, కడుపు నిండడానికి మిగిలింది అన్నమొక్కటే. చివర్లో కూర అయిపోతే తొక్కు వేసుకుని ఇంకో రెండు ముద్దలు తింటారు, అవునా? ఒంటికి ఖర్చు కాని పిండి పదార్థాన్ని కాలేయం కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. ట్రైగ్లిజరైడ్స్ 150 లోపు ఉండాల్సింది 268కి చేరడంలో దీని వాటా తప్పకుండా ఉంటుంది. మందు అలవాటుంటే దాని వాటా కూడా ఉంటుంది. ఆ సంగతి మీరు రాయలేదు, నేనూ ఊహించను. ఆయన్నే డాక్టర్‌కు నిజం చెప్పమనండి.

కాబట్టి అన్నం మానేయక్కర్లేదు. నాలుగు కప్పుల్ని రెండు చేయండి. ఊరికే రెండు చేస్తే ఆకలితో మీ ఇంట్లో గొడవవుతుంది. తగ్గిన చోటును పప్పు, గుడ్డు, ఆకుకూర నింపాలి. ఐదుగురికీ ఒకటే వంట, కంచంలో కొలతలే వేరు. షుగర్ వాళ్లకొకటి, పిల్లలకొకటి అని రెండు వంటలు పెట్టుకుంటే మూడో రోజుకు మీరే మళ్లీ కర్రీ పాయింట్ ముందు నిలబడతారు.

వంటకు టైం లేదంటారు గానీ, నన్నడిగితే టైం వంటలో పోవట్లేదు, ఏడింటికి ఫ్రిజ్ తలుపు తెరిచి ఏం వండాలా అని నిలబడటంలో పోతోంది. ఆ నిర్ణయం పొద్దున టీ తాగేటప్పుడే అయిపోవాలి. పెసరపప్పుకు నానబెట్టే పని కూడా లేదు. సాయంత్రం చెప్పులు విడవగానే, చీర మార్చుకోకముందే, గ్లాసుడు పెసరపప్పు కడిగి మూడు గ్లాసుల నీళ్లు, రెండు టమాటలు, నాలుగు పచ్చిమిర్చి, పసుపు వేసి కుక్కర్ మూత పెట్టండి. పక్క పొయ్యి మీద ఐదు గుడ్లు. మూడు విజిళ్లు వచ్చేలోపు మీ స్నానమవుతుంది, లేదా రెండు కట్టల తోటకూర కడిగి తరగడమైనా అవుతుంది. ఆవిరి పోయాక ఆకు వేసి మూత లేకుండా నాలుగు నిమిషాలు ఉడికిస్తే చాలు, ఆకుకూరకు విజిల్ అక్కర్లేదు. ఒక చెంచా నూనెలో జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన ఎల్లిపాయతో పోపు పెట్టండి. నిమ్మకాయ మాత్రం పొయ్యి దించాక, వడ్డించే ముందు పిండండి. మరిగితే విటమిన్ సి దెబ్బతింటుంది. ఆకులోని, పప్పులోని ఇనుము మీ పాప ఒంటికి పట్టాలంటే ఆ విటమిన్ కావాలి. కూరగాయల ధరలు మండే వానాకాలంలో కూడా ఐదుగురికి ఈ భోజనం మీరిప్పుడు పెట్టే 150 రూపాయలు దాటడం కష్టం.

రెండో రోజుకు కిచిడీ, పచ్చి పులుసు. మన దగ్గర దీన్ని జ్వరమొచ్చినప్పుడో, వంట చేయబుద్ధి కానప్పుడో వండుతారు గానీ, నా లెక్కలో వారానికి ఒకసారి ఉండాల్సిన భోజనం. మామూలుగా మూడు వంతుల బియ్యానికి ఒక వంతు పప్పు వేస్తాం. మీరు సగానికి సగం వేయండి: కప్పున్నర బియ్యం, కప్పున్నర పెసరపప్పు లేదా ఎర్రపప్పు, చేతికందిన క్యారెట్, బీన్స్, ఆలుగడ్డ బదులు సొరకాయ. కుక్కర్ కూస్తుండగా పచ్చి పులుసు ఉడికించే పని లేకుండానే అయిపోతుంది. రెండు పచ్చిమిరపకాయల్ని మంట మీద కాల్చి, జీలకర్ర, ఉప్పుతో నలిపి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డను అందులోనే చేత్తో పిసికి, చింతపండు రసం పోయాలి. రెండు చెంచాల వేయించిన నువ్వుల పొడి వేస్తే రుచి వేరు, కాల్షియం కూడా అందుతుంది. అత్తమ్మకు బీపీ కాబట్టి పులుసులో ఉప్పు చూసి వేయండి. రోజుకు మనిషికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, అన్ని పూటలకూ కలిపి. తొక్కు, అప్పడం ఉన్న రోజు ఆ లెక్క అక్కడికే సరిపోతుంది.

మూడోది చెబితే నవ్వుతారేమో. మీరిప్పుడు అన్నం ఇంట్లో వండి కూర బయట తెస్తున్నారు. దాన్ని తిరగేయండి. సాయంత్రమైతే రోడ్డు పక్కన పెనం పెట్టుకుని జొన్న రొట్టెలు కాల్చి అమ్మేవాళ్లు మన హన్మకొండలో చాలామందే ఉన్నారు. రొట్టెలో పిండి, వేడినీళ్లు తప్ప ఇంకేముంటుంది? దాచిపెట్టడానికి నూనె లేదు, రంగు లేదు. రొట్టె చేయడం చేయి తిరిగినవాళ్లకే త్వరగా అవుతుంది, దాన్ని వాళ్లకే వదిలేయండి. మీరు కూర వండండి: పొద్దున నానేసిన బొబ్బర్లు నాలుగు విజిళ్లకు మెత్తబడతాయి, ఉల్లిగడ్డ, టమాట, అల్లం ఎల్లిపాయ వేసి ఇగిరిస్తే పావుగంట. మీ ఆయనకు రెండు రొట్టెలు, గిన్నె నిండా కూర. జొన్నలో కూడా పిండి పదార్థమే ఎక్కువ, ఆరోగ్యమని నాలుగు తింటే లాభం లేదు. అత్తమ్మకు పళ్లు సహకరించకపోతే రొట్టె తుంచి కూర రసంలో నానబెట్టి ఇవ్వండి.

గుడ్డు ముట్టని సోమ, శనివారాలకు మీల్‌మేకర్ ఉంది. ఎండు మీల్‌మేకర్ 100 గ్రాముల్లో 50 గ్రాములకు పైగా ప్రొటీన్ ఉంటుంది. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములు. వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, గట్టిగా పిండి, ఆ నీళ్లు పారబోసి, పాలకూరతోనో టమాటతోనో వండండి. ఆ పిండటంలోనే ఉంది కిటుకు, లేకపోతే పచ్చి వాసన వస్తుందని పిల్లలు పక్కన పెడతారు. ఇక సర్వపిండి. అడగలేదు గానీ అడుగుతారని తెలుసు. పల్లీలు, నువ్వులు, శనగపప్పు పడతాయి కాబట్టి మంచిదేనంటారు. అడుగున ఉన్నది బియ్యప్పిండి, చుట్టూ నూనె, పైగా సన్న సెగ మీద ఒక్కో గిన్నెకు పావుగంట. ఆదివారానికి దాచుకోండి. నాకూ ఇష్టమే.

నూడుల్స్ రోజు గురించి: పిల్లలు ఆరింటికి ఆకలితో ఉంటారు, తొమ్మిదిన్నర దాకా ఆగమంటే బిస్కెట్లో, నూడుల్సో అడుగుతారు, వాళ్ల తప్పేముంది? బొబ్బర్లు, శనగలు పొద్దున రెండు గుప్పిళ్లు ఎక్కువ నానేయండి. గుడాలు చేసి ఉల్లిగడ్డ, నిమ్మరసం కలిపి అత్తమ్మ చేత సాయంత్రం పెట్టించండి. ఒక డబ్బా షాపుకు కూడా పంపితే మీ ఆయన రాత్రి ఇంటికొచ్చేది అంత ఆకలితో కాదు.

కలిసి తినాలన్న మీ కోరిక అర్థమైంది, కానీ తొమ్మిదిన్నర అత్తమ్మకు మంచిది కాదు. కొన్ని షుగర్ మాత్రలు, ముఖ్యంగా గ్లిమెపిరైడ్ లాంటివి, వేసుకుని అన్నం ఆలస్యం చేస్తే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తాయి. ఆవిడా, పిల్లలూ ఎనిమిదికల్లా తినేయాలి. ఆయన వచ్చాక మీరిద్దరూ తినండి, పిల్లలు పక్కన కూర్చుని కబుర్లు చెబుతారు. అత్తమ్మకు కిడ్నీ పరీక్ష, అంటే క్రియాటినిన్, ఈ మధ్య చేయించకపోతే చేయించండి. అందులో తేడా ఉంటే పప్పు, మీల్‌మేకర్ ఎంత పెట్టాలో ఆవిడ డాక్టర్ చెప్పాలి, నా ఈ సలహా ఆవిడకు వర్తించదు.

పాప విషయంలో మాత్రం వంటను నమ్ముకుని కూర్చోవద్దు. ఆ వయసులో 11.5 కంటే తగ్గితేనే రక్తహీనత అంటాం, 9.8 అంటే మధ్యస్థాయి. తోటకూరతో, బెల్లంతో అది 12కి ఎక్కదు. పిల్లల డాక్టర్‌కు చూపించి, బరువును బట్టి ఐరన్ మందు రాయించుకోండి. హిమోగ్లోబిన్ సరైన తర్వాత కూడా రెండు మూడు నెలలు వాడాల్సి వస్తుంది, మధ్యలో మానేయొద్దు. నులిపురుగుల మాత్ర ఎప్పుడు వేశారో గుర్తుందా? ఫిబ్రవరి, ఆగస్టుల్లో బడుల్లో ఆల్బెండజోల్ ఇస్తారు, ఆ రోజు పాప బడికి వెళ్లిందో లేదో కనుక్కోండి. నెలసరి మొదలైతే అది కూడా డాక్టర్‌కు చెప్పండి. భోజనంతో పాటు టీ తాగే అలవాటుంటే మాన్పించండి, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. మాంసం తినేవాళ్లయితే ఆదివారం పావుకిలో మేక కార్జం తెచ్చి మిరియాలతో వేపి పాపకు పెట్టండి, ఆకుకూర ఇనుము కంటే అది ఎన్నో రెట్లు సులువుగా పడుతుంది.

ఒక జాగ్రత్త. టైం కలిసొస్తుందని పొద్దున వండిన అన్నం రాత్రి దాకా వంటింట్లోనే వదిలేసేవాళ్లున్నారు. మన ఎండాకాలం 42, 43 డిగ్రీల్లో అది ప్రమాదం. అన్నంలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు, వాంతులు పట్టుకుంటాయి. పప్పైనా అన్నమైనా వండిన గంట, రెండు గంటల్లో వెడల్పాటి గిన్నెలో ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. పప్పును రెండు రోజుల్లోపు, పొగలొచ్చేలా మరిగించి వాడుకోవచ్చు. ఎప్పుడైనా బయటి కూర తేక తప్పకపోతే స్టీలు డబ్బా పట్టుకెళ్లండి, వేడివేడి సాంబారు పల్చటి ప్లాస్టిక్ కవర్లో వద్దు.

ఇంకో మాట. ఉత్తరమంతా వెతికినా వంటలో మీ ఆయన చేయి ఎక్కడా కనిపించలేదు. షుగర్ అంచున ఉన్నది ఆయన. బొబ్బర్లు నానబెట్టడం, ఉల్లిగడ్డలు కోసి డబ్బాలో పెట్టడం పొద్దున షాపుకు వెళ్లేముందు పది నిమిషాల పని, ఆయనకిచ్చేయండి. రాత్రి తిన్నాక ఓ పావుగంట వీధి చివరిదాకా నడిచి రమ్మనండి, తిన్న వెంటనే పెరిగే షుగర్ అంత పెరగదు.

సగటు షుగర్ 6.1 అంటే ఇంకా షుగర్ జబ్బు కాదు. 5.7 నుంచి 6.4 మధ్యనున్నది హెచ్చరిక, వెనక్కి తగ్గించుకునే అవకాశం ఉన్న దశ. మాత్ర అవసరమా కాదా ఆయన్ని చూసే డాక్టర్ తేలుస్తారు. మూడు నెలల తర్వాత పరగడుపున కొలెస్ట్రాల్ పరీక్షలన్నీ, దాంతో పాటు ఆ సగటు షుగర్ మళ్లీ చేయించి రాయండి. రాసేటప్పుడు ఇప్పుడు రాత్రికి ఎన్ని కప్పులు పెడుతున్నారో కూడా రాయండి.