ఈ శనివారం నువ్వు షాపుకి వెళ్లకు

చిట్టీ,

నీ మెసేజ్ చూశాను. తండ్రీకొడుకులకి పది రోజులుగా మాటల్లేవనీ, ఇటు కబురు అటు మోయలేక నువ్వు చస్తున్నావనీ రాశావు. ఫోన్లో చెబితే మధ్యలో నువ్వే ఏడుస్తావు, అందుకని రాస్తున్నా. హ్యూస్టన్‌లో నేను ఇరవై రెండేళ్లు నైట్ డ్యూటీలు చేశాను. నాతో పనిచేసిన వాళ్లలో సగం మంది నైజీరియా నర్సులే. తెల్లవారుజామున టీ తాగుతూ వాళ్లు చెప్పుకున్న బాధలన్నీ పిల్లల గురించే.

ముందు ఆ రోజు గొడవ సంగతి. తండ్రి కేకలేస్తుంటే వాడు సూటిగా కళ్లలోకి చూశాడు, అల్లుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. అతనిది నైజీరియాలోని యోరుబా జాతి కదా, ఆ ఇళ్లలో పెద్దవాళ్లు మందలిస్తుంటే పిల్లలు తల దించుకోవాలి. పెద్దవాళ్లని పలకరించేటప్పుడు మగపిల్లలు సాష్టాంగపడే, ఆడపిల్లలు మోకాళ్లు వంచే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఇక్కడి బడిలో అంతా ఉల్టా. కళ్లలోకి చూడకపోతే ఏదో దాస్తున్నాడంటారు. పన్నెండేళ్ల పిల్లాడు, బడిలో ఒక పద్ధతి, ఇంట్లో ఇంకో పద్ధతి అని వాడికి ఎవరు చెప్పారు? నువ్వు చెప్పకు. తండ్రే చెప్పాలి, అదీ కోపం చల్లారాక.

ఇక మార్కులు. "ఫస్టు వచ్చినవాడికేమైనా రెండు తలలున్నాయా?" అన్నాడట కదా. అది నైజీరియా అమ్మానాన్నలందరి నోటా వినిపించే మాటే. మా సిస్టర్లు అది తలచుకుని పడీపడీ నవ్వేవారు. వాళ్ల పిల్లలు నవ్వగా మాత్రం నేను చూడలేదు. అల్లుడిదీ తప్పనను. 1986లో అక్కడి కరెన్సీ నైరా విలువ పడిపోయాక, జీతాలు చాలక, యూనివర్సిటీలు సమ్మెలతో నెలల తరబడి మూతబడుతున్న రోజుల్లో పెరిగినవాడు. చదువు తప్పితే బతుకే లేదన్న భయం ఆ తరానికి ఇంకా వదల్లేదు. కానీ కొడుక్కి ఆ భయం కనపడదు, అరుపే వినపడుతుంది. జాంబ్ అని అక్కడి యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష మొదటిసారి తప్పానని మీ పెళ్లిలో నాతో నవ్వుతూ చెప్పాడు. కొడుక్కి ఎప్పుడైనా చెప్పాడా?

అది హాల్లో ఎదురుగా కూర్చోబెట్టి చెప్పే మాట కాదు. ఎగుసి గింజలకీ ఎండుచేపలకీ ఆఫ్రికన్ షాపుకి వెళ్తాడుగా, వాణ్ణి కార్లో పక్కన కూర్చోబెట్టుకోమను. ఇద్దరూ రోడ్డు చూస్తుంటారు కాబట్టి కళ్ల గొడవే ఉండదు. మొదటి రెండుసార్లూ వాడు నోరు విప్పడు. అప్పుడు తొందరపడి నీతులు మొదలుపెట్టొద్దని చెప్పు. నేను చేసిన తప్పు అదే. బడికి దింపే ఇరవై నిమిషాలూ నా కొడుక్కి ప్రవచనం చెప్పేదాన్ని. వాడు ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం మొదలుపెట్టాడు, కాలేజీకి వెళ్లేదాకా తీయలేదు.

"ఇబాదాన్ పంపి హాస్టల్లో పడేస్తా" అనడం మాత్రం వెంటనే మాన్పించు. ఈ బెదిరింపు చాలా ఇళ్లలో విన్నాను, నాకు అస్సలు నచ్చదు. నాన్నమ్మ ఉన్న ఊరిని జైలుగా చూపిస్తే, రేపు సెలవులకి రమ్మంటే వాడెందుకు వస్తాడు?

నాన్నమ్మ అంటే గుర్తొచ్చింది. మనకి పొద్దున ఏడంటే వేసవిలో అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట. ఆవిడకి ఫోన్ చేసినప్పుడు వాడితో "ఎ కాసాన్" అనిపించు, యోరుబాలో మధ్యాహ్నం పలకరింపు అది. అందులో ఆ 'ఎ' మన 'మీరు' లాంటిదే, గౌరవానికి వాడేది. నువ్వు-మీరు తేడా వాడికి నీ తెలుగుతోనే అలవాటైంది కనక సులువుగా పట్టుకుంటాడు. పలకడంలో తప్పులొస్తాయి. ఆ భాషలో 'ఒకో' అనే మాటే స్వరం మారితే మొగుడు, పార, బండి అయిపోతుంది. కజిన్లు నవ్వితే వాడు ఇక ఆ భాష జోలికే పోడు, ఎవర్నీ నవ్వనివ్వకండి. తాతగారు పోయాక పుట్టాడనే కదా బాబాటుండే అని పెట్టారు, 'నాన్న తిరిగొచ్చాడు' అని. ఆ తాత ఎలాంటివాడో కూడా ఆవిడనే చెప్పమను. నువ్వు పక్కన కూర్చుని అనువాదం చెయ్యకు, అర్థమైనంత అర్థమవుతుంది.

అన్నట్టు, ఈ శనివారం నీకు మోకాలు నొప్పి. షాపుకి నువ్వు వెళ్లడం లేదు. సామాన్ల చీటీ రాసి వాడి చేతికివ్వు.

పిన్ని