ఉజుమాకి చదివితే నిజంగా అంత కలవరపడతామా?

మీరు అడిగింది ఇదీ: "జుంజి ఇటో రాసిన ఉజుమాకి చదివాక నిద్ర పట్టలేదని కొందరు, మధ్యలో నవ్వొచ్చిందని కొందరు అంటున్నారు, ఎవరి మాట నమ్మాలి, అసలు నేను చదవచ్చా?" ఇద్దరి మాటా నమ్మండి. నేను ఆ పుస్తకం చదివి ఊరుకోలేదు, మా తమ్ముడికీ ఇద్దరు ముగ్గురు స్నేహితులకీ ఇచ్చి చదివించాను. ఒక్కొక్కరు ఒక్కో పేజీ దగ్గర ఆగిపోయారు, ఒకరు వణికిపోయిన చోట ఇంకొకరికి ఏమీ అనిపించలేదు. ఎందుకలా జరుగుతుందో నాకు అర్థమైనంత వరకు చెప్తాను. కథ కొంత బయటపడుతుంది కాబట్టి ఏమీ తెలియకుండా చదవాలనుకుంటే ఇక్కడే ఆపేయండి.

తెలియనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. ఉజుమాకి 1998, 1999లలో జపాన్‌లో బిగ్ కామిక్ స్పిరిట్స్ అనే వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ. కురోజు అనే చిన్న సముద్రతీరపు ఊరు, ఆ ఊరిని పట్టుకున్నది దెయ్యమూ కాదు, పిశాచమూ కాదు, ఒక ఆకారం. సుడి ఆకారం. గాలి సుడి తిరుగుతుంది, శ్మశానం నుంచి వచ్చే పొగ సుడి తిరుగుతుంది, మెల్లగా మనుషులు కూడా. కిరియే అనే హైస్కూలు అమ్మాయి మనకు కథ చెప్తుంది, ఆమె స్నేహితుడు షుయిచి ఇంట్లోంచి అసలు గొడవ మొదలవుతుంది.

షుయిచి నాన్న ఒక సందులో గోడ దగ్గర కూర్చుని నత్త గుల్లని కన్నార్పకుండా చూస్తుంటాడు. తర్వాత ఇంటినిండా సుడి ఆకారం ఉన్న వస్తువులు పోగేస్తాడు, తినే సూప్‌లో సుడి గీత ఉన్న చేప ముక్కలే కావాలంటాడు, చివరికి బయటి సుడులు చాలక తన ఒంట్లోనే సుడి పుట్టించుకోవాలని చూస్తాడు. గుండ్రటి చెక్క తొట్టెలో అతను కనిపించే పేజీ దగ్గర నేను పుస్తకం మూసేశాను. అక్కడ రక్తం పారదు, ఎవరూ ఎవరినీ చంపరు. కానీ ఆ మనిషి తనకు కావలసిందే తను చేసుకున్నాడు, ఇష్టపడి చేసుకున్నాడు. నన్ను ఇబ్బంది పెట్టింది అదే, ఇప్పటికీ పెడుతున్నది అదే.

ఇటో కథలకి జనం ఇంతగా కలవరపడటానికి అసలు కారణం ఇక్కడే ఉందని నా నమ్మకం. మామూలు హారర్‌లో ఏదో వెంటపడుతుంది, మనిషి పరిగెడతాడు, మనం అతనితోపాటు పరిగెడతాం, దొరికితే భయం, తప్పించుకుంటే హమ్మయ్య. ఇక్కడ మనిషి పరిగెత్తడు, నడుచుకుంటూ దాని దగ్గరికి వెళ్తాడు. వద్దని అరవాలనిపిస్తుంది, కానీ అతను వద్దనుకోవట్లేదు కదా. ఒక పనికిరాని అలవాటు వైపో, తనని పాడు చేసే మనిషి వైపో తెలిసి తెలిసి వెళ్ళిపోయిన వాళ్ళని ఇంట్లో చూసినవాళ్ళకి ఈ బొమ్మలు వేరేలా తగులుతాయి. నేను పుస్తకం ఇచ్చినవాళ్ళలో ఎక్కువ కదిలిపోయింది అలాంటివాళ్ళే, హారర్ సినిమాలంటే భయపడేవాళ్ళు కాదు.

మా స్నేహితురాలు ఒకామె నర్సు. రక్తం, పుండ్లు, కుట్లు ఆమెకి రోజూ ఉండే పని. షుయిచి నాన్న చావు చూసి "ఊహ బాగుంది" అని మామూలుగా పేజీ తిప్పేసింది. షుయిచి అమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. భర్త పోయాక ఆవిడకి సుడి అంటే పిచ్చి భయం పట్టుకుంటుంది, జుట్టు తీసేసుకుంటుంది, వేలిముద్రలు కూడా సుడులే కదా అని వేళ్ళ కొసల చర్మం తీసేసుకుంటుంది. కొడుకు ఆసుపత్రిలో ఎక్కడా సుడి ఆకారం కంటపడకుండా చూసుకుంటాడు, చెవి లోపల కూడా ఒక సుడి ఉందని ఆవిడకి తెలియకూడదని అతని తాపత్రయం. తెలుస్తుంది, ఎలాగో మీరే చదవండి. తమను తాము గాయపరచుకున్న పేషంట్లని మా స్నేహితురాలు డ్యూటీలో చూసింది, వాళ్ళ పక్కన నిద్ర లేకుండా కూర్చునే కొడుకుల్నీ కూతుళ్ళనీ చూసింది. "ఆ అబ్బాయి మొహం చూడలేకపోయాను" అంది. బొమ్మ గురించి కాదు, అబ్బాయి గురించి. ఆ మాట విన్నాకే నేను ఆ అధ్యాయాన్ని మళ్ళీ తీసి చదివాను, ఈసారి అమ్మని కాకుండా షుయిచిని చూస్తూ. ఊళ్ళో జరుగుతున్నది అందరికంటే ముందు కనిపెట్టినవాడు అతనే, ఊరు వదిలి వెళ్ళిపోదామని కిరియేని బతిమాలేదీ అతనే.

మా తమ్ముడిది పూర్తిగా వేరే దారి. వాడికి ఉజుమాకి పెద్దగా పట్టలేదు, నత్తలుగా మారిపోయే పిల్లల కథ దగ్గర పకపకా నవ్వాడు కూడా. వర్షం పడ్డ రోజు మాత్రమే బడికి వచ్చే, నడక బాగా నెమ్మదైన పిల్లాడు ఒకడు, వాడి వీపు మీద మెల్లగా గుల్ల పెరుగుతుంది. తమ్ముడు నవ్వాడని నాకు కోపం రాలేదు. ఇటో బొమ్మల్లో భయానికీ నవ్వుకీ మధ్య గీత చాలా సన్నం, కొన్నిచోట్ల నవ్వు రావడమే సహజం. కానీ అదే తమ్ముడికి ఇటోదే అమిగరా అనే కథ ఇచ్చాను, నవ్వు ఆగిపోయింది. గ్యో అని చేపలు కాళ్ళ మీద నడుచుకుంటూ ఒడ్డుకి వచ్చే ఇటో మాంగా ఇంకొకటి ఉంది, దాని చివర్లో ఇచ్చిన చిన్న కథ అది. భూకంపం వచ్చి ఒక కొండ చీలుతుంది, లోపలి రాతి గోడ మీద మనిషి ఆకారంలో వందలకొద్దీ కన్నాలు బయటపడతాయి. టీవీలో అది చూసి జనం వస్తారు, ఒక్కొక్కరూ తమ కొలతలకి సరిగ్గా సరిపోయే కన్నం వెతుక్కుని, ఇది నాదే, నా కోసమే చేశారు అంటూ లోపలికి దూరిపోతారు. వెనక్కి రాలేరు. మీరు ఇంటర్నెట్‌లో "ఇది నా కన్నం" అనే మీమ్ ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు, దానికి మూలం ఇదే. మీమ్ చూసి నవ్వుకుని తర్వాత అసలు కథ చదివినవాళ్ళు చివరి పేజీ దగ్గర బిగుసుకుపోవడం నేను చూశాను. ఇరుకు గదులు, లిఫ్టులు అంటే టెన్షన్ పడేవాళ్ళయితే దయచేసి రాత్రిపూట చదవకండి.

మన తెలుగు పాఠకులు ఎక్కువగా అనే మాట ఇంకొకటి ఉంది: "ఇదంతా ఎవరు చేశారు, ఎందుకు చేశారు, ఏమీ చెప్పలేదేంటి?" నాకు ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వస్తుందో తెలుసు. మనం వారపత్రికల్లో క్షుద్రపూజల సీరియళ్ళు చదివి పెరిగిన ఇళ్ళవాళ్ళం. అందులో చేతబడి ఉంటే చేసినవాడు ఉంటాడు, వాడికి ఒక పగ ఉంటుంది, ఎక్కడో ఒక విరుగుడు ఉంటుంది, కనీసం ఒక డాక్టరైనా వచ్చి ఇది మనసు జబ్బు అని చెప్తాడు. ఉజుమాకిలో మంత్రగాడు లేడు, పగ లేదు, నిమ్మకాయ లేదు. ఊరి కింద ఏముందో చివర్లో చూపిస్తాడు కానీ అది సమాధానం కాదు. కారణం దొరకని కీడు మన లెక్కలో సగం రాసి వదిలేసిన కథలా ఉంటుంది, అందుకే చాలామంది పుస్తకం మూశాక చిరాకు పడతారు. ఆ చిరాకు కూడా భయమేనని నాకనిపిస్తుంది. కిందటి తరం రచయిత కజువో ఉమెజు 1972 నుంచి 1974 వరకు రాసిన ద డ్రిఫ్టింగ్ క్లాస్‌రూమ్‌లోనూ ఇంతే, ఒక బడి మొత్తం పిల్లలతో సహా మాయమైపోయి ఎడారిలాంటి చోట తేలుతుంది, అక్కడ పిల్లల్ని కాపాడే పెద్దలుండరు. ఇటో చిన్నప్పుడు అక్కల దగ్గర ఉన్న ఉమెజు పుస్తకాలు చదువుతూ పెరిగినవాడే. 1987లో ఇటో రాసిన తోమియే అనే కథకి గుర్తింపు దొరికింది కూడా ఉమెజు పేరు మీద పెట్టిన పోటీలోనే.

అప్పటికి ఇటో దంత సాంకేతిక నిపుణుడిగా పని చేసేవాడు, అంటే కట్టుడు పళ్ళు లాంటివి తయారు చేసే పని. ఇది తెలిశాక ఆయన గీతలు చూసే తీరు నాకు మారింది. మొహాలు శుభ్రంగా, అందంగా, దాదాపు ఏ భావమూ లేకుండా గీస్తాడు. పక్కనే వికారమైన దాన్ని వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టినట్టు గీస్తాడు. మసకగా వదిలేసి ఉంటే మనం ఊహించుకుని వదిలేసేవాళ్ళం, ఆయన వదలడు. ఇంకోటి, ఆ భయంకరమైన బొమ్మ చాలాసార్లు పేజీ తిప్పిన తర్వాతే వస్తుంది. ముందు పేజీ చివరి గడిలో ఎవరో ఏదో చూసి బిగుసుకుపోతారు, ఏం చూశారో తెలియాలంటే మనమే పేజీ తిప్పాలి. అంటే మనం కూడా ఆ ఊరివాళ్ళలాగా మన చేత్తోనే దగ్గరికి వెళ్తున్నాం. ఫోన్లో స్క్రోల్ చేస్తూ చదివి "ఏముంది ఇందులో" అన్నవాళ్ళలో చాలామందికి ఈ దెబ్బ తగల్లేదు, ఎందుకంటే కింది గడి అప్పటికే సగం కనిపిస్తూ ఉంటుంది. వీలైతే అచ్చు పుస్తకమే చదవండి, కుడి నుంచి ఎడమకి చదవడం కాసేపట్లో అలవాటైపోతుంది.

భయం, అసహ్యం రెండూ ఒకటి కావని కూడా ఈ పుస్తకాలతోనే నాకు బాగా తెలిసింది. ఇటోదే గ్రీస్డ్ అని ఒక కథ ఉంది, మాంసం కాల్చే హోటల్ పైన కాపురం ఉండే కుటుంబం, ఇల్లంతా నూనె జిడ్డు, అన్న నూనె తాగుతాడు, మొహం నిండా మొటిమలు. తర్వాత ఏం జరుగుతుందో రాయను. చదివాక నాకు ఆ పూట అన్నం సహించలేదు, మర్నాటికి పోయింది. అసహ్యం అలా తొందరగా పోతుంది. ఉజుమాకి అలా పోలేదు. నాకు మాత్రమే కాదు, చదివిన చాలామంది చెప్పే మాట ఇది: కొన్నాళ్ళు ఎక్కడ చూసినా సుడులే కనిపిస్తాయి. దోమల కాయిల్, జిలేబీ, వాష్ బేసిన్‌లో దిగిపోయే నీళ్ళు, వేలిముద్ర. మనవైపు చిన్నపిల్లల నెత్తిన సుడి చూసి రెండుంటే రెండు పెళ్ళిళ్ళు అంటాం కదా, మా ఇంట్లో ఎవరో పసిపిల్ల తల నిమురుతూ ఆ మాట అంటుంటే నాకు మాత్రం కురోజు గుర్తొచ్చింది. దీనికి కంగారుపడక్కర్లేదు, కొన్నాళ్ళకి దానంతటదే తగ్గిపోతుంది. తగ్గకుండా నిద్ర చెడగొడుతుంటే, పని మీద మనసు పెట్టనివ్వకుంటే, పుస్తకం పక్కన పెట్టి ఎవరితోనైనా మాట్లాడండి, భయపడ్డానని చెప్పుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. ఇలాంటి ప్రశ్నలు, జవాబులు ఉండే సైట్లలో "ఇంతకే భయపడ్డావా" అని వెక్కిరించే జవాబులు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఎవరి మనసులో ఏ గాయం ఉందో మనకేం తెలుసు.

ఇక మీరు చదవచ్చా అంటే, గర్భంతో ఉన్నా, ఈమధ్యే కాన్పు అయినా, కడుపు పోగొట్టుకున్న బాధలో ఉన్నా ఇప్పుడు వద్దు. ఉజుమాకిలో ఆసుపత్రిలోని గర్భిణులు, దోమలు, పుట్టిన పిల్లల మీద రెండు అధ్యాయాలున్నాయి, మొత్తం పుస్తకంలో నేను రెండోసారి చదవనివి అవే. మా వదిన పుస్తకం అడిగితే బిడ్డ పుట్టి కాస్త కుదురుకున్నాక ఇస్తానని చెప్పాను, ఇంకా ఇవ్వలేదు. తమను తాము గాయపరచుకోవాలన్న ఆలోచనలతో ఎప్పుడైనా ఇబ్బంది పడినవాళ్ళకి షుయిచి అమ్మ అధ్యాయం మంచిది కాదు. పిల్లలకి అసలే ఇవ్వకండి, బొమ్మల పుస్తకం కదా అని చేతిలో పెట్టేసే ఇళ్ళు నేను చూశాను.

ఇవేవీ మీకు వర్తించకపోతే నిరభ్యంతరంగా చదవండి, కానీ నేరుగా ఉజుమాకితో కాకుండా అమిగరాతో మొదలుపెట్టండి, చిన్నది, ఒక్క కూర్చోడంలో అయిపోతుంది, ఈ రచయిత మీకు పడతాడో లేదో అక్కడే తేలిపోతుంది. ఉజుమాకి మొదటి సగంలో అధ్యాయాలు చాలావరకు విడివిడి కథలే, రోజుకొకటి చదివితే చాలు, ఏదైనా పడకపోతే దాటేసినా ముందుకి వెళ్ళొచ్చు. 2024లో ఉజుమాకి మీద వచ్చిన నాలుగు ఎపిసోడ్ల యానిమేతో, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్‌తో, మాత్రం మొదలుపెట్టకండి. మొదటి ఎపిసోడ్ నలుపు తెలుపుల్లో చాలా బాగా తీశారు, దాన్ని మెచ్చుకున్నవాళ్ళే రెండోదానికి బొమ్మల నాణ్యత పడిపోయిందని మండిపడ్డారు, చూశాక నాకూ అదే అనిపించింది. చదివాక మనసు బరువెక్కితే ఇటోనే తన ఇంటి పిల్లుల మీద గీసిన మాంగా ఒకటుంది, యోన్, ము అని వాటి పేర్లు. పిల్లుల్ని కూడా అదే హారర్ గీతలతో గీస్తాడు, కానీ చచ్చేంత ప్రేమగా ఉంటుంది. నేను ఉజుమాకి ఎవరికి ఇచ్చినా ఆ పుస్తకం కూడా కలిపే ఇస్తాను.